సూరత్‌లో పరుగెత్తే మన పిల్లలు: మొదటి రౌండ్‌లో ఆగడం ఎలా నేర్పాలి?

స్కూలు మైదానంలో 800 మీటర్ల పోటీ ఎప్పుడైనా చూశారా? విజిల్ మోగగానే పిల్లలంతా వంద మీటర్ల పోటీ అన్నట్టు దూసుకుపోతారు. గట్టు మీద నుంచి అమ్మానాన్నలు, దోస్తులు 'ఉరుకు, ఉరుకు' అని అరుస్తుంటారు. రెండో రౌండ్ సగానికి వచ్చేసరికి అందరికంటే ముందున్న పిల్ల నడుం పట్టుకుని నడుస్తుంటుంది. మొదటి నుంచీ ఐదో స్థానంలో తన పాటికి తాను వస్తున్న ఇంకో పిల్ల ఆమెను దాటి వెళ్లిపోతుంది.

ఆగిపోయిన పిల్లకు ఆ రోజు రెండు మాటలు వినిపిస్తాయి. 'దమ్ము లేదు' అని ఒకటి, 'ఇంకా గట్టిగా ప్రాక్టీస్ చెయ్యాలి' అని ఇంకోటి. రెండూ తప్పే. వేగాన్ని రెండు రౌండ్లకు ఎలా పంచుకోవాలో ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు, అంతే. ఇలాంటి పోటీలు మూడు నాలుగు అయ్యాక చాలామంది పిల్లలు పరుగే మానేస్తారు. పోటీ అంటే ఒళ్లు హూనమై, అందరి ముందు ఓడిపోవడమే అని వాళ్లకు అనిపిస్తే అందులో వింత లేదు.

సూరత్‌లోని తెలుగు కుటుంబాలకు ఇది దూరపు విషయం కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మరమగ్గాల పని కోసం వచ్చి లింబాయత్, ఉధనా, పర్వత్ పాటియా వైపు స్థిరపడిన ఇళ్లలో ఇప్పుడు రెండో తరం, మూడో తరం పిల్లలున్నారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. గుజరాత్ ప్రభుత్వం 2010లో మొదలుపెట్టిన ఖేల్ మహాకుంభ్ వల్ల ఈ పిల్లలకు కూడా ఏటా పోటీలో నిలబడే అవకాశం వస్తోంది. అందులో రాణించిన పిల్లలకు జిల్లా స్థాయి స్పోర్ట్స్ స్కూళ్ల దారి కూడా ఉంది. అక్కడ వసతి, తిండి, శిక్షణ ప్రభుత్వమే చూసుకుంటుంది. పన్నెండు గంటల షిఫ్టు చేసే తండ్రికి ఇది చిన్న విషయం కాదు. చిక్కు ఎక్కడంటే, ఇంత అవకాశం కళ్ల ముందు కనిపించేసరికి పన్నెండేళ్ల పిల్ల ఆట కాస్తా ఇంటిల్లిపాదికీ పరీక్ష అయిపోతుంది.

రెండు రౌండ్ల లెక్క

ప్రామాణిక ట్రాక్ మీద 800 మీటర్లంటే రెండు రౌండ్లు. 1500 అంటే మూడు రౌండ్లు, ఇంకో 300 మీటర్లు. స్కూలు మైదానంలో సున్నంతో 200 మీటర్ల ట్రాక్ గీస్తే 800కి నాలుగు రౌండ్లు తిరగాలి. మలుపులు ఇరుకుగా ఉంటాయి కాబట్టి టైమింగ్ కొంత తగ్గుతుంది. అక్కడి టైమింగ్‌ను పెద్ద ట్రాక్ టైమింగ్‌తో పోల్చి పిల్లను తిట్టడం అన్యాయం.

ఉదాహరణకు ఒక అమ్మాయి 400 మీటర్లను ప్రాణం పెట్టి పరుగెత్తితే 66 సెకన్లు పడుతుందనుకుందాం. ఆమె 800 మీటర్లను 2 నిమిషాల 40 సెకన్లలో ముగించగలదు. దానికి సరైన పంపకం దాదాపు 78, 82. అంటే మొదటి రౌండ్ 78 సెకన్లు, రెండోది 82. అదే అమ్మాయి జనం అరుపులకు మొదటి రౌండ్‌ను 69 సెకన్లలో పరుగెత్తిందంటే అది ఆమెకు దాదాపు పూర్తి వేగం. మిగతా 400 మీటర్లకు ఒంట్లో ఏమీ మిగలదు. రెండో రౌండ్‌కు 95 సెకన్లు పట్టినా ఆశ్చర్యం లేదు. మొదట్లో సంపాదించిన 9 సెకన్ల కోసం చివర్లో 13 సెకన్లు పోగొట్టుకున్నట్టు.

ఎందుకిలా? నెమ్మదిగా పరుగెత్తేటప్పుడు కండరాలకు కావలసిన శక్తి దాదాపు అంతా ఆక్సిజన్ సాయంతోనే పుడుతుంది. వేగం ఒక హద్దు దాటితే ఆక్సిజన్ సరఫరా చాలదు. అప్పుడు శరీరం ఆక్సిజన్ లేకుండా శక్తిని తయారుచేసే అడ్డదారి వాడుతుంది. ఆ దారి వేగంగా పనిచేస్తుంది, కానీ ఎక్కువసేపు నడవదు. కండరాల్లో ఆమ్లత్వం పెరిగి కాళ్లు బిగుసుకుపోతాయి. (దీనికంతటికీ 'లాక్టిక్ యాసిడ్' కారణమని పీఈటీ సార్లు చెబుతుంటారు. అసలు సంగతి అంత సూటిగా లేదు. లాక్టేట్‌ను శరీరం మళ్లీ ఇంధనంగా కూడా వాడుకుంటుంది.) 800 మీటర్ల పోటీలో మొత్తం శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు, 1500లో ఐదింట నాలుగు వంతులు ఆక్సిజన్ దారిలోనే వస్తాయి. అందుకే వీటిని పొడుగు స్ప్రింట్లుగా చూస్తే లెక్క తప్పుతుంది.

పెద్ద క్రీడాకారులకు కూడా ఈ తప్పు కొత్త కాదు. టింటూ లూకా 2010 సెప్టెంబరులో క్రొయేషియాలోని స్ప్లిట్‌లో 800 మీటర్లను 1 నిమిషం 59.17 సెకన్లలో పరుగెత్తి జాతీయ రికార్డు సృష్టించింది. ఆ తర్వాతి నెలలో ఢిల్లీ కామన్వెల్త్ గేమ్స్ ఫైనల్‌లో సొంత జనం ముందు మొదటి నుంచీ ముందుండి పరుగెత్తి, చివర్లో వెనకబడి పతకం లేకుండా మిగిలింది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో మంజీత్ సింగ్ దీనికి వ్యతిరేకంగా చేశాడు. పోటీ చాలాభాగం వెనకే ఉండి, ఆఖరి వంద మీటర్లలో ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి 1 నిమిషం 46.15 సెకన్లలో స్వర్ణం గెలిచాడు. అందరూ గెలుస్తాడనుకున్న జిన్సన్ జాన్సన్‌కు రజతం వచ్చింది. మంజీత్‌కు అప్పటికి 28 ఏళ్లు.

ముందుండి పరుగెత్తమని చెప్పేవాళ్లకూ ఒక గొప్ప ఉదాహరణ ఉంది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ 800 ఫైనల్‌లో శ్రీరామ్ సింగ్ మొదటి రౌండ్‌ను 50.85 సెకన్లలో, అందరికంటే ముందుగా దాటాడు. ఆ పోటీలో క్యూబా రన్నర్ ఆల్బెర్టో హువాంటొరేనా 1 నిమిషం 43.50 సెకన్లతో ప్రపంచ రికార్డు కొట్టాడు. శ్రీరామ్ ఏడో స్థానంలో వచ్చినా అతని 1 నిమిషం 45.77 సెకన్లు భారత రికార్డుగా 2018 దాకా, అంటే 42 ఏళ్లు నిలిచింది. అయితే ఆ మొదటి రౌండ్ వెనుక సైన్యంలో ఏళ్ల తరబడి చేసిన సాధన ఉంది. ఏడో తరగతి పిల్లకు ఆ దారి చూపించడం కుదరదు.

మొదటి రౌండ్‌లో ఆగడం నేర్పడానికి ఖరీదైన సామాను ఏదీ అక్కర్లేదు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. కొలిచిన 200 మీటర్ల దూరాన్ని 39 సెకన్లలో పరుగెత్తమనండి. మొదటిసారి 33లో వస్తుంది. 'ఇంకా నెమ్మదిగా' అని మళ్లీ పంపండి. ఈసారి 43 పడుతుంది. నాలుగైదు వారాల్లో వాచీ చూడకుండానే 39కి ఒక సెకను అటూ ఇటూగా రాగలుగుతుంది. పిల్లలకు ఇది భలే నచ్చుతుంది, ఎందుకంటే ఇందులో అందరికంటే వేగంగా పరుగెత్తేవాళ్లు కాకుండా సరిగ్గా అంచనా వేసినవాళ్లు గెలుస్తారు. తరగతిలో వెనకబడ్డ పిల్లాడు కూడా ఈ ఆటలో మొదటి స్థానం కొట్టొచ్చు.

ఇంకో చిన్న సంగతి. మలుపులో పక్కవాడిని దాటాలని రెండో లేన్‌లోకి వెళ్తే దూరం పెరుగుతుంది. లేన్ వెడల్పు 1.22 మీటర్లు కాబట్టి ఒక రౌండ్ మొత్తం రెండో లేన్‌లో పరుగెత్తితే 7 మీటర్లకు పైగా అదనంగా పరుగెత్తినట్టే. దాటాల్సింది తిన్నగా ఉన్న దారిలో. సుద్దముక్కతో నేల మీద గీసి చూపిస్తే ఐదు నిమిషాల్లో అర్థమైపోతుంది.

వారమంతా దౌడు తీయించొద్దు

శక్తిలో ఎక్కువ భాగం ఆక్సిజన్ దారిలోనే వస్తున్నప్పుడు సాధనలో ఎక్కువ భాగం ఆ దారిని పెంచేదిగానే ఉండాలి. అంటే నెమ్మది పరుగు. పక్కనున్న దోస్తుతో మాట్లాడుతూ పరుగెత్తగలిగేంత నెమ్మదిగా. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ ఈ పద్ధతితోనే పీటర్ స్నెల్‌ను తయారుచేశాడు. స్నెల్ 1960 రోమ్‌లో 800, 1964 టోక్యోలో 800, 1500 రెండూ గెలిచాడు. స్నెల్ వారానికి పరుగెత్తిన వంద మైళ్లు పిల్లలకు పనికిరావు. తీసుకోవలసింది వరస మాత్రమే: ముందు ఓపిక, తర్వాత వేగం.

పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకు వారానికి నాలుగు రోజులు చాలు. రెండు రోజులు 20 నుంచి 30 నిమిషాల నెమ్మది పరుగు. ఒక రోజు పైన చెప్పిన 200 మీటర్ల అంచనా ఆట, లేదా మధ్యలో బాగా విశ్రాంతి ఇస్తూ నాలుగైదు 300 మీటర్ల పరుగులు. ఇంకో రోజు వేరే ఆట ఏదైనా. కబడ్డీ, ఖో-ఖో, ఫుట్‌బాల్, ఏదైనా ఫర్వాలేదు. వేరే ఆటల వల్ల సమయం వృథా అని కొందరు కోచ్‌లు అంటారు. నాకు అది ఒప్పుకోవాలనిపించదు. సూరత్‌కు ఆగ్నేయంగా ఉన్న డాంగ్ కొండల్లో పుట్టిన సరితా గైక్వాడ్ మొదట ఆడింది ఖో-ఖో. ఆమె 2018 జకార్తాలో 4×400 రిలేలో స్వర్ణం గెలిచిన జట్టులో ఉంది. అదే డాంగ్ జిల్లాకు చెందిన మురళీ గావిత్ 2019లో దోహా ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 10,000 మీటర్ల కాంస్యం తెచ్చాడు. మన దేశపు అథ్లెటిక్స్ సమాఖ్య కూడా అంతర్ జిల్లా జూనియర్ పోటీల్లో 14 ఏళ్లలోపు పిల్లలకు ఒక్క పరుగుకే పరిమితం కాకుండా మూడు అంశాలు కలిపిన ట్రయాథ్లాన్ పెడుతోంది.

ఇక్కడ మన తెలుగమ్మాయి అగసర నందిని సంగతి చెప్పాలి. సికింద్రాబాద్‌లో చాయ్ అమ్మే ఇంట్లో పుట్టి, తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్‌లో కాంస్యం గెలిచింది. హెప్టాథ్లాన్ అంటే ఏడు అంశాలు, ఆఖరిది 800 మీటర్లు. నందినికి 5712 పాయింట్లు, నాలుగో స్థానంలో వచ్చిన స్వప్న బర్మన్‌కు 5708. 800 మీటర్ల లెక్కలో ఆ నాలుగు పాయింట్లు సెకనులో మూడో వంతు కూడా కావు. హర్డిల్స్, జంప్‌లు, త్రోలు చేస్తూ పెరిగిన అమ్మాయి పతకాన్ని చివరికి రెండు రౌండ్ల పరుగు నిలబెట్టింది.

సూరత్ నేల చదునుగా ఉంటుంది. కొండ దారులు లేవు కదా అని కొందరు పిల్లలను ఫ్లైఓవర్ల మీద పరుగెత్తిస్తున్నారు. వద్దు. ఆ ట్రాఫిక్‌లో ప్రాణానికే ముప్పు. ఫ్యాక్టరీలు ఉన్న వైపు రోడ్ల మీద పొగ, దుమ్ము ఎక్కువ. తెల్లవారుజామున తోటల్లో, బడి మైదానంలో, ఆదివారం వీలైతే డుమాస్ తీరంలో పరుగెత్తించండి. మే నెలలో ఉదయం ఏడు దాటితే ఉక్క భరించలేం. నీళ్లు వెంట ఉండాలి. వానాకాలంలో డెంగీ, చికెన్‌గున్యా వచ్చి తగ్గిన పిల్లలను వెంటనే మైదానానికి పంపకండి, డాక్టర్ సరేనన్నాకే. పరుగులో ఛాతీ నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా అది నీరసమని సరిపెట్టుకోకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

బద్ధకం అనే ముందు

పన్నెండు నుంచి పదిహేనేళ్ల మధ్య పిల్లల ఒళ్లు ఒక్కసారిగా మారుతుంది. త్వరగా పెరిగిన అబ్బాయి అండర్-14లో అందరినీ ఓడిస్తాడు. రెండేళ్ల తర్వాత మిగతావాళ్లు కూడా పెరిగేసరికి ఐదో స్థానానికి పడిపోతాడు. అతనిలో ఏమీ తగ్గలేదు, మిగతావాళ్లు అందుకున్నారు. అమ్మాయిల విషయంలో ఇది ఇంకా కష్టం. ఎదిగే వయసులో ఏడాది, రెండేళ్లు టైమింగ్ అక్కడే ఆగిపోవచ్చు, కొంత తగ్గొచ్చు కూడా. ఇంట్లోవాళ్లు సరిగ్గా అప్పుడే 'ఇంక చాల్లే, చదువుకో' అంటారు. కోచ్ 'బద్ధకం పెరిగింది' అంటాడు. రెండువైపుల నుంచీ ఒకే మాట వినిపించాక ఆ పిల్ల ఎందుకు పరుగెత్తాలి?

అమ్మాయి అలసిపోతోందంటే ముందు చూడవలసింది రక్తం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 100కి 59 మందికి రక్తహీనత ఉంది. ఆక్సిజన్‌ను మోసేది రక్తంలోని హిమోగ్లోబిన్. అది తక్కువగా ఉంటే ఎంత సాధన చేయించినా రెండో రౌండ్‌లో ఆయాసమే మిగులుతుంది. హిమోగ్లోబిన్ పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనే చేయించుకోవచ్చు. మాత్రలు డాక్టర్ చెబితేనే వాడాలి. ఇంట్లో చేయగలిగింది కూడా తక్కువేం కాదు. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తినగానే చాయ్ తాగితే ఆ ఇనుము సరిగా అందదు. చాయ్ ఒక గంట తర్వాత తాగొచ్చు. సూరత్‌లో ఈ అలవాటు మార్చడం ఎంత కష్టమో తెలుసు, అయినా చెబుతున్నాను. గుడ్డు, పల్లీ పట్టి, శనగలు రోజూ ఉండాలి. నెలసరి వరుసగా రెండు మూడు నెలలు ఆగిపోతే, అది ఎక్కువ పరుగెత్తి తక్కువ తింటున్నదానికి గుర్తు కావచ్చు. తల్లి గానీ, మహిళా టీచర్ గానీ సిగ్గుపడకుండా అడిగే చనువు ఉండాలి.

మోకాలి చిప్ప కింద ఎముక దగ్గర వాపు, నొప్పి వస్తే అది ఎదిగే పిల్లల్లో మామూలే. పరుగు తగ్గిస్తే తగ్గిపోతుంది. అదే చోట రోజురోజుకూ నొప్పి పెరుగుతుంటే మాత్రం నూనె రాసి మళ్లీ పంపకండి, డాక్టర్‌కు చూపించండి.

వయసు సర్టిఫికెట్ సంగతి ఎత్తకుండా ఉండలేను. ఏడాది రెండేళ్లు తగ్గించి చిన్న గ్రూపులో పరుగెత్తిస్తే పతకం వస్తుందని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి మైదానంలోనూ ఉంటారు. ఎముకల ఎక్స్‌రేతో వయసు అంచనా వేసే పరీక్షలు జాతీయ స్థాయిలో ఉన్నాయి. దొరికితే పోయేది పిల్ల పేరు, సలహా ఇచ్చినవాడిది కాదు.

పోటీ రోజు

800 మీటర్ల పోటీ ఒళ్లు పిండేస్తుంది. దాన్ని వారం వారం పెట్టొద్దు. సీజన్‌లో నాలుగైదు పోటీలు చాలు. ప్రతి పోటీకీ స్థానంతో సంబంధం లేని ఒక చిన్న లక్ష్యం పెట్టండి. 'మొదటి రౌండ్ 78కి తక్కువ రావద్దు', 'ఆఖరి 200లో ఇద్దరిని దాటాలి', 'మలుపులో మొదటి లేన్ వదలొద్దు'. ఏడో స్థానంలో వచ్చిన పిల్ల కూడా అనుకున్నది చేశానని ఇంటికి వెళ్లగలగాలి. పోటీకి రెండు మూడు గంటల ముందు ఇడ్లీ, అరటిపండు లాంటివి పెట్టండి. లోచో, ఖమణ్ పోటీ అయ్యాక తినొచ్చు. కొత్త బూట్లు పోటీ రోజున మొదటిసారి వేయొద్దు. స్పైక్స్ కోసం అప్పు చేయాల్సిన అవసరం అసలే లేదు, ఈ వయసులో మామూలు కాన్వాస్ బూట్లు సరిపోతాయి.

కోచ్ గుజరాతీలోనో హిందీలోనో చెప్పేది ఇంట్లో అమ్మకు అర్థం కాకపోవచ్చు. అలాంటప్పుడు పిల్లనే తర్జుమా చేయమంటే తనకు నచ్చినదే చెబుతుంది (మనమూ ఆ వయసులో అదే చేశాం). నెలకోసారి ఎవరైనా తెలిసినవాళ్లను వెంటబెట్టుకుని కోచ్‌ను నేరుగా కలవండి. అడగవలసినవి మూడే: వారానికి ఎన్ని రోజులు పరుగెత్తిస్తున్నారు, విశ్రాంతి ఎప్పుడు, నొప్పి ఉందని చెబితే ఏం చేస్తారు. మూడో ప్రశ్నకు 'ఓర్చుకోవాలి' అని జవాబు వస్తే వేరే కోచ్‌ను చూసుకోండి.

పోటీ అయ్యాక ఆటోలో ఇంటికి వస్తూ దాని గురించి మాట్లాడకండి. ముందు తిననివ్వండి. తర్వాత ఆమెకే మాట్లాడాలనిపిస్తే 'ఎక్కడ కష్టమనిపించింది బిడ్డా?' అని అడగండి. 'ఎందుకు ఓడిపోయావు?' అని మాత్రం వద్దు. 'మొదట్లోనే ఎక్కువ ఉరికిన' అని తనే చెబితే వచ్చే పోటీకి కావలసిన పాఠం తన నోటి నుంచే వచ్చినట్టు.

నైట్ షిఫ్టు దిగి నేరుగా మైదానానికి వచ్చే నాన్నలకు ఒక మాట. అందరూ ముగింపు గీత దగ్గర గుమిగూడతారు. మీరు అక్కడ నిలబడకండి. ట్రాక్ అవతలి వైపు, రెండో రౌండ్‌లో 500 నుంచి 600 మీటర్ల మధ్య ఎదురు వరసలో నిలబడండి. కాళ్లు బిగుసుకుని ఆగిపోవాలనిపించేది సరిగ్గా అక్కడే, ఆ వైపు ఎవరూ ఉండరు. ఏమీ సలహా ఇవ్వక్కర్లేదు, పేరు పెట్టి ఒక్కసారి గట్టిగా పిలిస్తే చాలు. అక్కడి నుంచి ముగింపు సరిగా కనిపించదు. ఎన్నో స్థానమో ఆమే వచ్చి చెబుతుంది.